ఇంటి కంప్యూటరుకు అప్పగించిన పనులు

(సంఘ వారపు సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



నేడు మీ ముందుంచదలచిన విషయము చూచుటకు చిన్నది. మన యిండ్లలోని కంప్యూటరు మనము దగ్గర లేనివేళ కూడ తనంత తాను కొన్ని పనులు చేయుచుండును. వానిలో కొన్నిటిని ఆ యంత్రమునకు ప్రాణము వంటి విండోస్‌ను తయారుచేసినవారే అప్పగించిరి. కొన్నిటిని మనము తెచ్చి చేర్చుకొన్న ప్రోగ్రాములు అప్పగించినవి. మరికొన్నిటిని మనమే అప్పగించితిమి, లేదా సెలవులకు వచ్చిన పిల్లలు అమర్చి పోయిరి. ఇన్ని పనులలో ఏది ఎప్పుడు జరుగుచున్నదో, ఏది జరుగకయే నిలిచిపోయినదో గృహస్థునకు తెలిసియుండవలెనా? తెలియకున్న వచ్చు నష్టమేమి? ఇదియే నేటి ప్రసంగము.

నష్టమెట్టిదో మొదటనే చెప్పెదను. మన పావగడ తాలూకా కర్ణాటకమున తుమకూరు జిల్లాకు చేరినదే యైనను, మూడు వైపుల ఆంధ్రప్రదేశమే కలదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది మొదలు పొరుగున నున్న మడకశిర, పెనుగొండ, హిందూపురము ఆ జిల్లాలోనివైనవి. తరతరములుగా ఇచట స్థిరపడిన మన కుటుంబములలో ఇంటిమాట తెలుగు, కచేరీ మాట కన్నడము. కచేరీలోని కాగితములకు కాపలా కలదు. 2000వ సంవత్సరమున 'భూమి' అను పేర కర్ణాటక ప్రభుత్వమువారు సుమారు 2 కోట్ల పహణీలను కంప్యూటరులలో కెక్కించిరి. వానిని కాపాడుటకు ఉద్యోగులు, శాఖలు, ఏర్పాట్లు కలవు. కాని మన తాతలు తమ వియ్యంకులకు వ్రాసిన జాబులు, పెండ్లి ఖర్చుల లెక్కలు, పెద్దమనుషుల సమక్షమున వ్రాసికొన్న భాగపరిష్కారపు చీటీలు, వంశావళులు తెలుగు లిపిలో నున్నవి. వానికి నకలు ఏ కచేరీలోను లేదు. అవి పోయినచో తిరిగి వ్రాసి యీయగలవారు కూడ లేరు.

చెదలకు వెరచి మనలో అనేకులు ఆ కాగితములకు ఫోటోలు తీసి, స్కాను చేయించి, ఇంటి కంప్యూటరులో నుంచిరి. మంచి పనియే. కాని కంప్యూటరులోని హార్డ్ డిస్కు కూడ ఒక యంత్రము. అది ఎన్నడో ఒకనాడు చెడును. కనుక వేరొక డిస్కు తెచ్చి, "ప్రతి రాత్రి 2 గంటలకు క్రొత్త ఫైళ్లకు నకలు తీయుము" అని కంప్యూటరునకు అప్పగింతురు. అంతటితో మనస్సు నిశ్చింతగా నుండును. అయ్యలారా! ఆ నిశ్చింతయే నేటి మన విచారణకు మూలము. అప్పగింత వేరు, నెరవేర్పు వేరు. ఏర్పాటు చేసినంత మాత్రమున పని జరుగుచున్నదని నమ్మువాని యింట, డిస్కు చెడిన నాడుగాని నకలు లేదను సంగతి బయటపడదు.

ఈ భేదము మన తాలూకావారికి క్రొత్తది కాదు. తిరుమణి మున్నగు ఐదు గ్రామములలో రైతులనుండి గుత్తకు తీసికొన్న సుమారు 13 వేల ఎకరములలో 'శక్తి స్థల' అను సూర్యవిద్యుత్ క్షేత్రము వెలసియున్నది. 2018 మార్చి 1వ తేదీన దాని మొదటి భాగమునకు ప్రారంభోత్సవము జరిగెను. పూర్తియైన పిమ్మట దాని శక్తి 2050 మెగావాట్లు. మన దేశపు విద్యుద్వ్యవస్థలో ఒక దినమును 15 నిమిషముల వంతున 96 భాగములుగా విభజించి, ఏ భాగమున ఎవరు ఎంత విద్యుత్తు ఇచ్చెదరో ముందుగానే షెడ్యూలు వ్రాయుదురు. అయితే వారు వ్రాసి ఊరకుండరు. నిజముగా వచ్చిన విద్యుత్తును మీటరుతో కొలిచి, షెడ్యూలుతో సరిపోల్చి, తేడాకు సొమ్ము లెక్కకట్టుదురు. మబ్బు పట్టునని, యంత్రము నిలుచునని వారు ముందే యెరిగియున్నారు. షెడ్యూలును నమ్ముట, వాస్తవమును కొలుచుట అను రెండు పనులును వారు చేయుదురు. మన ఇంటి కంప్యూటరు విషయమున మనము మొదటిది చేసి రెండవదానిని విడిచిపెట్టుచున్నాము.

ఇక ఈ నియమిత కార్యములు ఎట్లు నడచునో తెలిసికొందము. కంప్యూటరునకు ఒక పని అప్పగించుటలో మూడు భాగములు కలవు. ఎప్పుడు చేయవలెను అనునది మొదటిది. ఏమి చేయవలెను అనునది రెండవది. ఎట్టి పరిస్థితులలో చేయవచ్చును, ఎట్టివానిలో చేయరాదు అనునది మూడవది. మొదటి రెండును అందరు శ్రద్ధగా వ్రాయుదురు. మూడవది యంత్రమే ముందుగా నింపియుంచును గనుక, దానిని ఎవరును చదువరు. ఇంటి కంప్యూటరులలో అప్పగించిన పనులు తరచుగా తప్పిపోవునది ఈ మూడవ భాగముననే.

కొంత చరిత్ర చెప్పిన ఇది సులభముగా బోధపడును. వేళకు పని చేయించు ప్రోగ్రాములలో పేరుమోసినది 'క్రాన్'. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ సంచికలో అది కలదు. 1987లో పాల్ విక్సీ అనువారు దానిని క్రొత్తగా వ్రాసిరి. నిమిషము, గంట, తేదీ, నెల, వారము అను ఐదు గడులు నింపిన చాలును, క్రాన్ ఆ వేళకు పని చేయించును. కాని అది పుట్టినది పెద్ద పరిశోధనాలయములలో, రేయింబవళ్లు ఎన్నడును ఆర్పని యంత్రములకొరకు. ఆ వేళకు యంత్రము ఆరియున్నచో ఏమి చేయవలెనను ప్రశ్నయే దానికి లేదు. తప్పిన పని తప్పినదే. మరల దానిని తలచుకొనదు. ఈ లోపమును తీర్చుటకు తరువాత లినక్సులో 'అనాక్రాన్' అను వేరొక ప్రోగ్రాము వచ్చినది. "ఈ పని జరిగి ఎన్ని దినములైనది?" అని అది లెక్క చూచుకొని, యంత్రము వెలిగిన పిమ్మట తప్పిన పనిని చేయించును.

మన యిండ్లలో ఎక్కువగా నున్నది విండోస్. 1995లో విండోస్ 95కు అనుబంధముగా విడిగా అమ్మిన 'ప్లస్' అను కట్టలో 'సిస్టమ్ ఏజెంట్' అను పేర ఈ సౌకర్యము వచ్చెను. నేడు దానిపేరు 'టాస్క్ షెడ్యూలర్'. ఇందులో మనము ఒక పని అప్పగించినపుడు, మనము వేరుగా చెప్పనంతవరకు, కొన్ని షరతులు తామే చేరియుండును. అవి మన పల్లెల పరిస్థితులకు ఎట్లు ఎదురుపడునో చూడుడు.

మొదటి షరతు: నిర్ణయించిన వేళకు యంత్రము ఆరియున్నచో ఆ పని నాటికి తప్పిపోవును. మనము రాత్రి పడుకొనబోవునపుడు కంప్యూటరును ఆర్పి, గోడ దగ్గరి స్విచ్చి కూడ తీసివేయు అలవాటు గలవారము. పిడుగుల కాలమున అది మంచి అలవాటు. అట్టి యింట రాత్రి 2 గంటలకు నకలు తీయుమని చెప్పుట, తాళము వేసిన దుకాణమునకు సరుకుల చీటీ పంపుట వంటిది. రెండవ షరతు: ల్యాప్‌టాప్ గోడ కరెంటుపై నున్నపుడు మాత్రమే పని మొదలగును, కరెంటు పోయి బ్యాటరీకి మారినచో నడుచుచున్న పని నడుమనే నిలిచిపోవును. మూడవ షరతు: తన పేరుతో లోపలికి ప్రవేశించినవారు ఉన్నపుడు మాత్రమే పని జరుగును. యంత్రము వెలిగియున్నను, రహస్యపదము అడుగు తెర దగ్గరనే యున్నచో జరుగదు. ఈ మూడింటిలో ఏది అడ్డుపడినను గంట మ్రోగదు, తెరపై హెచ్చరిక రాదు. యంత్రము మౌనముగా నుండును. ఆ మౌనమును మనము క్షేమమని భావింతుము.

దీనికి మందు ఆ షెడ్యూలర్‌లోనే కలదు. పని వివరములు తెరచి, 'సెట్టింగ్స్' అను పుటలో, నిర్ణీతవేళ తప్పినచో వీలైనంత త్వరగా పనిని నడుపుము అని చెప్పు గడి యొకటి కలదు. ఆంగ్లమున 'రన్ టాస్క్ యాజ్ సూన్ యాజ్ పాజిబుల్ ఆఫ్టర్ ఎ షెడ్యూల్డ్ స్టార్ట్ ఈజ్ మిస్డ్' అని దానిపై వ్రాసియుండును. దానియందు గుర్తు పెట్టవలెను. 'కండిషన్స్' అను పుటలో బ్యాటరీకి సంబంధించిన రెండు గుర్తులను మన యింటి పరిస్థితిని బట్టి తీసివేయవచ్చును. నిద్రించుచున్న యంత్రమును లేపి పని చేయించు గుర్తు కూడ అచటనే కలదు. అయితే అది నిద్రలో నున్న యంత్రమును లేపునే గాని, పూర్తిగా ఆర్పిన యంత్రమును లేపజాలదు. అన్నిటికంటె తేలికైన మార్గము వేరొకటి కలదు. రాత్రి 2 గంటలను మాని, మనము నిత్యము యంత్రము ముందు కూర్చుండు వేళనే, సాయంత్రము 7 గంటలనో, ఆదివారము ఉదయమునో నిర్ణయించుట. అర్ధరాత్రి వేళ పెట్టుట పెద్ద కార్యాలయముల అలవాటు. పగలు వారికి వేల మంది పనివారు అడ్డము. మన యింట అట్టి అడ్డము లేదు.

మన రైతు సోదరులకు ఈ గుర్తు సంగతి వెంటనే బోధపడును. బోరుబావి మోటారునకు మూడు ఫేజుల కరెంటు నిర్ణీతమైన గంటలలోనే వచ్చును గనుక, మనవారు ఆటో స్టార్టరు బిగింతురు. కరెంటు వచ్చినంతనే మోటారు తనంత తాను తిరుగును. మనిషి చేనికి పోయి మీట నొక్కనక్కరలేదు. నేను చెప్పిన గుర్తు కంప్యూటరునకు ఆటో స్టార్టరు వంటిది. అయితే ఆటో స్టార్టరు గలవారికి రెండు కష్టములు కూడ తెలియును. ఒకటి: కరెంటు రాగానే ఊరిలోని మోటారులన్నియు ఒక్కసారి మొదలిడిన ట్రాన్సుఫార్మరుపై భారము పడును. రెండు: బావిలో నీరు లేనపుడు కూడ మోటారు తిరిగిన కాలిపోవును, చూచువారు దగ్గర లేరు.

కంప్యూటరు విషయమున ఈ రెండు కష్టములును ఉన్నవి. మూడు దినములు ఆర్పియుంచి నాలుగవనాడు వెలిగించితిమా, తప్పిన పనులన్నియు ముందుకు వచ్చును. వైరస్ తనిఖీ, విండోస్ మరమ్మతులు, ప్రోగ్రాముల క్రొత్త సంచికలు, మన నకలు అన్నియు గుమిగూడును. యంత్రము మందగించినదని మనము విసుగుకొని మరల ఆర్పివేయుదుము. పనులు మరల తప్పును. ఈ రద్దీని కొంత తప్పించుటకే విండోస్ తప్పిన పనులను వెంటనే గాక, మామూలుగా 10 నిమిషములు ఆగి మొదలిడును. కనుక వెలిగించిన వెంటనే యంత్రము మెల్లగా నున్నచో అరగంట ఓపికపట్టుట మేలు. దానిని చెడినదని మరమ్మతుదారునకు అప్పగింపనక్కరలేదు.

రెండవ కష్టము ఎండిన బావిలో మోటారు తిరుగుట వంటిది. పని జరిగినట్లే కనబడును, ఫలితము మాత్రము శూన్యము. నకలు పోవలసిన డిస్కు తగిలించి లేదు. లేదా వేరొక పెన్ డ్రైవు తగిలించినందున ఆ డిస్కు అక్షరము మారినది. కంప్యూటరు వేళకు లేచి, తలుపు తట్టి, ఎవరును లేరని తిరిగిపోయినది. కావున షెడ్యూలర్‌లో ప్రతి పనికి ఎదురుగా నుండు రెండు గడులను చదువ నేర్చుకొనవలెను. 'లాస్ట్ రన్ టైమ్' అనగా కడపట నడచిన వేళ. 'లాస్ట్ రన్ రిజల్ట్' అనగా దాని ఫలితము. ఫలితము సున్న యని యున్నచో పని తన లెక్క ప్రకారము సక్రమముగా ముగిసినది. కాని ప్రోగ్రామును బట్టి అంకెల అర్థము మారును. నకలు తీయుటకు విండోస్‌లోనే యుండు 'రోబోకాపీ' సున్న చెప్పిన క్రొత్తగా తీయవలసినది ఏమియు లేదని అర్థము. ఒకటి చెప్పిన నకలు చక్కగా తీసితినని అర్థము. 8 గాని అంతకు మించిన అంకె గాని చెప్పిన వైఫల్యము. ఇది తెలియనివారు ఒకటిని చూచి భయపడుదురు. మరియు, ఒక పని పూర్వచరిత్రను చూపు 'హిస్టరీ' అను పుట మామూలుగా మూసియుండును. దానిని మనమే తెరపించవలెను. తెరపించిన నాటినుండియే లెక్క వ్రాయబడును.

చూడని పని ఎంత దూరము పోగలదో ప్రపంచమెరిగిన ఉదాహరణ మొకటి కలదు. గిట్‌ల్యాబ్ అను సంస్థ వేలాది ప్రోగ్రాము రచయితల పనిని భద్రపరచు సంస్థ. 2017 జనవరి 31వ తేదీన అచటి ఉద్యోగి ఒకరు పొరబాటున అసలు దత్తాంశములనే చెరిపివేసిరి. నియమితముగా తీయబడుచున్న నకళ్లు కలవుగదా యని చూడగా, ఆ నకళ్లు అసలు తయారగుటయే లేదు. నకలు తీయు సాధనము పాత సంచికది, దత్తాంశములు క్రొత్త సంచికవి. రెండింటికి పొసగక పని ప్రతిమారు విఫలమగుచుండెను. విఫలమైనపుడు తెలియజేయవలసిన ఈమెయిళ్లు కూడ మార్గమధ్యమున నిరాకరింపబడి ఎవరికిని చేరలేదు. అదృష్టవశమున వేరొక కారణమున ఆరు గంటలకు ముందు తీసిన ప్రతి యొకటి యుండుటచేత, ఆ ఆరు గంటల పని పోయినను తక్కినది దక్కెను. వారు జరిగినదంతయు దాచక లోకమునకు ప్రకటించిరి. ఆ విద్యయే వృత్తిగా గలవారికే ఇట్లు సంభవించినపుడు, మన యింటి మూలనున్న యంత్రమును మనము సంవత్సరముల తరబడి చూడకుండుట తగునా?

మరియొక ప్రమాదము కలదు. పని విఫలమగుట వలన గాక, సఫలమగుట వలన వచ్చునది. నకలు తీయువిధములలో 'అద్దము' పద్ధతి యొకటి. అసలులో నున్నది నకలులో నుండును. అసలులో లేనిది నకలునుండి తొలగింపబడును. మనుమడు ఆటలో ఒక ఫోల్డరును చెరిపివేసినాడనుకొందము. ఆ రాత్రి నియమితకార్యము వేళకు లేచి, ఆజ్ఞను తు.చ. తప్పక పాటించి, నకలులోనుండి కూడ ఆ ఫోల్డరును చెరిపివేయును. యంత్రమునకు పొరబాటునకు ఇష్టమునకు భేదము తెలియదు. కావున పాత ప్రతులను కూడ నిలుపు పద్ధతిని ఎన్నుకొనవలెను. విండోస్‌లోని 'ఫైల్ హిస్టరీ' అట్టిది. మనము మార్చనిచో అది గంటకొకసారి మారిన ఫైళ్లను వేరు డిస్కులో చేర్చుచు, పాత ప్రతులను అట్లే యుంచును. విండోస్ 11లో అది పాత కంట్రోల్ ప్యానెల్‌లో దాగియున్నది; వెదకి తెరువవలెను.

తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి. మనము ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుదుము, పెట్టవలెను కూడ. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగు లిపికి స్థానము కలదు గనుక నేటి కంప్యూటరులు ఆ పేర్లను చక్కగా గ్రహించును. కాని నియమితకార్యమునకై ఆజ్ఞలను ఒక బ్యాచ్ ఫైలులో వ్రాయునపుడు, ఆ ఆజ్ఞల పాఠములో తెలుగు అక్షరములున్నచో, పాత పద్ధతి అక్షరపట్టిక వలన అవి చెడి, ఫోల్డరు కనబడలేదని పని నిలిచిపోవచ్చును. ఉపాయము సులభము. అన్నిటికంటె పైనున్న ఫోల్డరునకు మాత్రము ఆంగ్లాక్షరములతో పేరు పెట్టి, ఆజ్ఞలో ఆ పేరే వ్రాయవలెను. దాని లోపలి ఫైళ్ల తెలుగు పేర్లకు ఏ హానియు రాదు. అవి యథాతథముగా నకలులోనికి పోవును.

వేళ ప్రకారము పని జరుగవలెనన్న గడియారము సరిగా నుండవలెను. బల్లమీది పాత కంప్యూటరులలో గుండీవంటి చిన్న బ్యాటరీ కలదు. కరెంటు లేనపుడు గడియారమును నడుపునది అదియే. అది అరిగినచో, వెలిగించినప్పుడెల్ల తేదీ ఏనాటికో పోవును. అప్పుడు "ఇంకను ఆ దినము రాలేదు" అని పనులు ఊరకుండును. వెలిగించినపుడు తేదీ తప్పుగా కనబడిన, ముందు ఆ చిన్న బ్యాటరీని మార్పించుడు. మన దేశమున సంవత్సరమంతయు ఒకే కాలమానము గనుక మనకు వేరొక చిక్కు లేదు. అమెరికాలో నున్న మన పిల్లలకు మాత్రము కలదు. అచట అనేక రాష్ట్రములలో మార్చి నెల రెండవ ఆదివారమున తెల్లవారుజామున 2 గంటల నుండి 3 గంటలకు గడియారము దూకును. ఆ నాడు రెండున్నర యను వేళయే లేదు. వారు అమర్చు పనులకు ఆ గంటను విడిచి వేరొకటి ఎన్నుకొనుమని చెప్పుడు.

ఇంతవరకు మనము అప్పగించిన పనుల సంగతి. మనము అప్పగింపనివాని మాట యేమి? షెడ్యూలర్‌ను మొదటిసారి తెరచినవారు అందులోని పట్టిక చూచి దిగ్భ్రమ చెందుదురు. డజన్లకొలది పేర్లు, ఒక్కటియు అర్థము కాదు. అప్పుడు రెండు విధముల తొందరపాటు కలుగును. అన్నియు అనవసరములని తొలగించుట ఒకటి. భయపడి మరల ఎన్నడును తెరువకుండుట రెండవది. రెండును వలదు. 'మైక్రోసాఫ్ట్' అను శాఖ క్రింద 'విండోస్' అను ఉపశాఖలో నున్నవి ఇంటి పునాదిరాళ్ల వంటివి, వానిని కదలింపరాదు. వెలుపల నున్నవానిలో ముద్రణయంత్రపు కంపెనీది, బ్రౌజరుది, ఎన్నడో తీసివేసిన ప్రోగ్రామువాని అవశేషములు నుండును. ఒక్కొక్కదాని 'యాక్షన్స్' పుట తెరచిన, అది ఏ ఫైలును నడుపుచున్నదో, ఆ ఫైలు ఏ ఫోల్డరులో నున్నదో తెలియును. అనవసరమని తోచినదానిని తొలగింపక, ముందు 'డిసేబుల్' చేయుడు. అనగా నిద్రపుచ్చుడు. తేదీతో సహా నోటుపుస్తకమున వ్రాసికొని, ఒక నెల చూచి, ఏ ఇబ్బందియు లేకున్న పిమ్మట తొలగింపవచ్చును.

ఈ పట్టికను చూడవలసిన కారణము వేరొకటి కూడ కలదు. హానికరమైన ప్రోగ్రాములు యంత్రమును ఆర్పి వెలిగించినను తాము బ్రదికియుండుటకు ఇందులోనే తమ పేరు వ్రాసికొనుచుండును. ఉచితముగా దొరికినదని తెచ్చిన సినిమాతోనో, దొంగ ప్రతి ప్రోగ్రాముతోనో అట్టివి ఇల్లు చొచ్చును. అర్థములేని అక్షరములతో పేరు, తాత్కాలిక ఫైళ్లుండు 'టెంప్' అను ఫోల్డరునుండి నడచుట, కొలది నిమిషములకొకసారి లేచుట అను లక్షణములు గలదానిని సందేహింపవలెను. అది కనబడినచో, దానిని మాత్రమే తొలగించి ఊరకుండక, యంత్రమంతటిని వైరస్ తనిఖీ చేయింపవలెను. కొన్ని ప్రోగ్రాములు తమ పేరును పట్టికలో కనబడకుండ దాచగలవని కూడ 2022లో మైక్రోసాఫ్ట్ వారే వెల్లడించిరి. కనుక పట్టిక శుభ్రముగా నున్నంతనే తనిఖీ మానరాదు.

తుదకు ఆచరణకు వత్తము. నేను చెప్పినదంతయు గుర్తుండకపోయినను మూడు పనులు చేసిన చాలును. నెలకొకసారి, అమావాస్యనాడని గుర్తుంచుకొనుటకు సులభము, షెడ్యూలర్ తెరచి మన నకలు పని కడపట ఎప్పుడు నడచినదో, ఫలితమేమో చూడుడు. ఇది ఒకటవది. ఆ నకలు డిస్కును తెరచి, అందులోనుండి ఏదో ఒక పాత జాబును ఎన్నుకొని, తెరపై తెరచి నాలుగు పంక్తులు చదువుడు. ఇది రెండవది. ఇదియే అన్నిటికంటె ముఖ్యము. ఫలితము సున్న యని యంత్రము చెప్పవచ్చును. జాబు తెరచుకొనినపుడే నకలు నిజమైనది. మూడవది: సంవత్సరమునకు రెండుమారులు వేరొక డిస్కులో నింపి, వేరే ఊరిలోని బంధువుల యింట నుంచుడు. హిందూపురమైనను, బెంగళూరైనను సరే. పిడుగు పడినను, దొంగలు పడినను ఒక ఇంటినే ముట్టుదురు గాని రెండు ఊళ్లను ముట్టరు. ఈ మూడవ పనిని ఏ షెడ్యూలర్‌కును అప్పగింపజాలము. డిస్కును చేతపట్టి బస్సెక్కవలసినది మనమే.

పనిని యంత్రమునకు అప్పగించుట తప్పు కాదు. మరచిపోవుట మానవ స్వభావము గనుకనే నియమిత కార్యములు పుట్టినవి. యంత్రము పనిని చేయగలదు. ఆ పని ఎవరికొరకో అది యెరుగదు. ఇది ఫైలు, ఇంత బరువు, ఈ తేదీ అనునంతవరకే దానికి తెలియును. ఆ జాబులో తన కుమార్తెను ఎట్లు చూచుకొనుచున్నారని అడిగిన తండ్రి యున్నాడని మనకు తెలియును. కచేరీ కాగితమునకు కచేరీ కావలి. మన తెలుగు జాబునకు మనమే కావలి. నెలకు పావుగంట ఆ కావలికి వెచ్చింపుడని కోరుచున్నాను.